జబ్బు రాకముందే గుమ్మం తెలుసుకోండి

విదేశాలకు బయలుదేరే ముందు మన విచారణలలోని పిల్లలు ప్రార్థన చేయించుకోవడానికి గుడికి వస్తారు. వెంట అమ్మానాన్నలు, మేనమామలు, ఇరుగుపొరుగు వస్తారు. పాస్‌పోర్టు, టిక్కెట్టు కవరులో పెట్టి పీఠం ముందు ఉంచుతారు. ప్రార్థన ముగిశాక నేను ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. “నాయనా, అక్కడ అర్ధరాత్రి కడుపులో నొప్పి వస్తే ఏ గుమ్మానికి వెళ్తావు?”

ఇంతవరకు ఒక్కరు కూడా వెంటనే జవాబు చెప్పలేదు. జీతం ఎంతో తెలుసు. గది అద్దె ఎంతో తెలుసు. ఆవకాయ ఎన్ని కిలోలు తీసుకెళ్లవచ్చో కూడా తెలుసు. ఆసుపత్రి సంగతి మాత్రం “వెళ్లాక చూసుకుందాం ఫాదర్ గారూ” అంటారు.

ఈ మాట ఎంత ఖరీదైనదో రెండు సంగతులు చెబుతాను. రేపల్లె వైపు ఒక పల్లె తల్లి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. ఆమెకు షుగరు ఉంది. కాలికి చిన్న పుండు పడింది. ఊరి నుంచి వచ్చేవారి చేత మాత్రలు, పూతమందు తెప్పించుకుని నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. ఇంటికి తిరిగి వచ్చేసరికి పుండు ఎముక దాకా పోయింది. రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది. “అక్కడే ఎందుకు చూపించుకోలేదమ్మా?” అని అడిగితే, “ఎంత అడుగుతారో, పనిలోంచి తీసేస్తారేమో అని భయమేసింది ఫాదర్ గారూ” అన్నది.

రెండవది తెనాలి కుర్రవాడి సంగతి. ఇంగ్లండుకు చదువుకోవడానికి వెళ్లాడు. కడుపునొప్పి వస్తే ఇక్కడ నుంచి పట్టుకెళ్లిన నొప్పి మాత్రలు రెండు రోజులు వేసుకుంటూ గదిలోనే పడుకున్నాడు. అపెండిక్సు పగిలింది. గదిలో ఉన్న మిత్రులు అంబులెన్సును పిలిచారు కాబట్టి బతికాడు. ఆసుపత్రి వారు అతని దగ్గర ఒక్క పౌను కూడా తీసుకోలేదు. ఎందుకంటే, వీసా కోసం దరఖాస్తు చేసిన రోజునే ఆ వైద్యానికి కావలసిన రుసుము వాళ్ల నాన్నగారు కట్టేశారు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బులో ఆ సొమ్మూ ఉంది. ఏ రుసుము దేనికో ఇంట్లో ఎవరూ చదువుకోలేదు.

గమనించండి. ఇద్దరికీ గుమ్మం ఉంది, లోపలికి వెళ్లే హక్కు ఉంది. ఆ సంగతి తెలియకపోవడం వల్ల ఒకరు వేళ్లు పోగొట్టుకున్నారు, ఒకరు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. సెమినరీలో మాకు తత్వశాస్త్రం బోధించిన గురువుగారు వివేకం గురించి చెబుతూ, అది ఆపదలో పుట్టేది కాదు, ఆపదకు ముందే అలవరచుకోవలసినది అనేవారు. ఈ వారం పాఠం అదే. కొత్త దేశంలో వైద్యం ఎలా నడుస్తుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకోవాలి.

1. ఇక్కడి అలవాటు, అక్కడి పద్ధతి

మనకు జ్వరం వస్తే ఏం చేస్తాం? మొదట మందుల షాపులో రెండు మాత్రలు అడుగుతాం. తగ్గకపోతే ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటాం. అప్పటికీ తగ్గకపోతే తెనాలికో గుంటూరుకో వెళ్లి నేరుగా పెద్ద డాక్టరు గారి దగ్గర చీటీ రాయించుకుంటాం. డబ్బు ఉంటే ఏ డాక్టరునైనా ఆ రోజే చూడవచ్చు. డబ్బు లేకపోతే గుంటూరు పెద్దాసుపత్రి ఉంది.

చాలా దేశాలలో ఈ అలవాటు పనికిరాదు. అక్కడ చీటీ లేకుండా యాంటీబయాటిక్ మందు అమ్మడం నేరం. పెద్ద డాక్టరు దగ్గరకు నేరుగా పోవడానికి చాలాచోట్ల వీలుండదు. ముందు చిన్న డాక్టరు చూడాలి, ఆయన ఉత్తరం రాయాలి, అప్పుడు పెద్ద డాక్టరు పిలుస్తారు.

ఇది మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు మనం ఏం నేర్చుకున్నాం? కార్డు ఉండాలి. ఆ కార్డు చెల్లే ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ ఆరోగ్యమిత్రను కలవాలి. ఆపరేషనుకు ముందు అనుమతి రావాలి. ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నా క్రమం అదే. విదేశంలో కూడా అడగవలసినవి ఈ ప్రశ్నలే. నా కార్డు ఏది? అది ఏ గుమ్మంలో చెల్లుతుంది? మొదట ఎవరిని కలవాలి? నా చేతి నుంచి ఎంత పడుతుంది?

2. గల్ఫ్ దేశాలలో

కువైట్‌లో విదేశీయుల ఆరోగ్య బీమాకు 1999లో చట్టం చేశారు. రెసిడెన్సీ వేయించుకునేటప్పుడే బీమా రుసుము కట్టాలి. చాలా ఏళ్లు అది సంవత్సరానికి 50 దినార్లు ఉండేది. 2025 డిసెంబరులో 100 దినార్లకు పెంచారు. ప్రతి పేటలోనూ ఒక ప్రభుత్వ క్లినిక్ ఉంటుంది. అరబ్బీలో దానిని ముస్తౌసఫ్ అంటారు. మీరు నివసించే పేటలోని క్లినిక్‌కు బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు తీసుకుని వెళ్లాలి. అక్కడి డాక్టరు అవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. విదేశీయులు చెల్లించే ఫీజులను 2017లోను, 2022లోను పెంచారు. అయినా ప్రైవేటు ఆసుపత్రితో పోల్చితే అది తక్కువే.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు ఒక మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారికి తిండి, బట్ట, వసతితోపాటు వైద్యం కూడా యజమానే చూడాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. “మేడమ్, డాక్టరుకు చూపించండి” అని అడగడం బతిమాలుకోవడం కాదు. చట్టం ఇచ్చినదాన్ని అడగడం. అడగడానికి మాట రాకపోతే సివిల్ ఐడీ ఫోటో, నొప్పి ఎక్కడో రాసిన రెండు ముక్కలు ఇంటికి పంపండి. ఇంటివారు రాయబార కార్యాలయానికి తెలియజేయగలరు.

సౌదీలో పద్ధతి వేరు. ప్రైవేటు కంపెనీలలో పనిచేసే విదేశీయులకు యజమానే బీమా చేయించాలని 1999 నాటి చట్టం చెబుతోంది. దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం అదే నియమం పెట్టింది. ఆ సొమ్ము జీతంలో కోయకూడదు. 2025 జనవరి 1 నుంచి షార్జా, అజ్మాన్ వంటి మిగిలిన ఎమిరేట్లకు కూడా యజమాని బీమా చేయించాలన్న నియమం వచ్చింది. కాబట్టి ఈ దేశాలకు వెళ్లినవారు మొదటి నెలలోనే మేనేజరును అడగవలసిన మాట ఇది: “నా బీమా కార్డు ఎక్కడ? అది చెల్లే ఆసుపత్రుల పట్టిక ఇవ్వండి.” ఆ పట్టికలో లేని ఆసుపత్రికి వెళితే బిల్లు మీ చేతికే వస్తుంది. ఖతార్‌లో హమద్ ఆసుపత్రుల హెల్త్ కార్డు తీసుకుని, ఏటా దానిని కొత్తది చేయించుకోవాలి.

అన్నిటికీ మూలం రెసిడెన్సీ. ఇకామా గడువు తీరిపోతే, లేదా యజమాని దగ్గర నుంచి బయటకు వచ్చేస్తే, కార్డు చెల్లకపోవచ్చు. అటువంటి స్థితిలో ఉన్నవారు పట్టుబడతామని భయపడి ఆసుపత్రికి దూరంగా ఉంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ భయాన్ని పక్కన పెట్టి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆపదలో ఉన్న భారతీయుల వైద్యానికి, స్వదేశానికి చేర్చడానికి మన రాయబార కార్యాలయాల దగ్గర 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. 2015లో మొదలైన మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇక్కడి కుటుంబ సభ్యులు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

3. ఇంగ్లండులో

అక్కడి ప్రభుత్వ వైద్య సేవ పేరు ఎన్.హెచ్.ఎస్. 1948 జూలై 5న మొదలైంది. ఆరు నెలలకు మించిన వీసాతో వెళ్లేవారి నుంచి 2015 ఏప్రిల్ నుంచి ఆరోగ్య రుసుము వసూలు చేస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో దానిని పెద్దలకు సంవత్సరానికి 1,035 పౌన్లు, విద్యార్థులకు 776 పౌన్లు చేశారు. ఒక సంవత్సరపు కోర్సుకు వెళ్లే విద్యార్థికి వీసా గడువును బట్టి సాధారణంగా ఏడాదిన్నర లెక్క కట్టి 1,164 పౌన్లు తీసుకుంటారు. నర్సులు, వైద్యరంగంలోని ఉద్యోగులు హెల్త్ అండ్ కేర్ వీసా మీద వెళితే వారికి, వారి కుటుంబానికి ఈ రుసుము లేదు.

కట్టిన డబ్బుకు గుమ్మం తెరుచుకోవాలంటే ఒక పని చేయాలి. ఇంటికి దగ్గరలోని జీపీ, అంటే కుటుంబ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇది ఉచితం. చిరునామా రుజువు లేదనో, వీసా పత్రాలు లేవనో ఇంగ్లండులో నిరాకరించకూడదు. గది దొరికిన వారంలోనే ఈ పని ముగించాలి. తెలుగు తప్ప రానివారు దుబాసీ కావాలని అడగవచ్చు. దానికీ డబ్బు తీసుకోరు.

ఆ తర్వాత క్రమం ఇలా ఉంటుంది. గొంతునొప్పి, పిల్లలకు చెవిపోటు, ఆడవారికి మూత్రంలో మంట వంటివాటికి 2024 జనవరి నుంచి ఇంగ్లండులో మందుల షాపులోని ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇస్తున్నారు. మిగిలిన జబ్బులకు జీపీ. ఎటు వెళ్లాలో తోచకపోతే 111కు ఫోను. ప్రాణాపాయం అయితే 999. డాక్టరును చూడడానికి, ఆసుపత్రిలో పడుకోవడానికి డబ్బు తీసుకోరు. పళ్ల వైద్యానికి, కళ్లద్దాలకు చాలామంది పెద్దవాళ్లు చెల్లించాలి. ఇంగ్లండులో చీటీ మీద ఒక్కొక్క మందుకు 2024 మే నుంచి 9.90 పౌన్లు. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులలో మందులు ఉచితం.

మనవారికి అక్కడ కష్టంగా తోచేది నిరీక్షణ. మోకాలి ఆపరేషనుకు నెలల తరబడి ఆగాలి. జ్వరానికి వెళితే మందు ఇవ్వకుండా “నీళ్లు తాగి పడుకోండి” అంటారు. మన పిల్లలు దీనిని నిర్లక్ష్యం అనుకుని, మరోసారి జీపీ దగ్గరకు పోవడమే మానేస్తారు. అది పొరపాటు. తగ్గకపోతే తిరిగి వెళ్లాలి. “నొప్పి నిన్నటికంటే ఎక్కువైంది, రాత్రి నిద్ర లేదు, రెండుసార్లు వాంతి అయింది” అని స్పష్టంగా చెప్పాలి. పెద్దల ముందు బాధ చెప్పుకోకూడదని పెరిగిన మన పిల్లలు “పరవాలేదు” అంటారు. అక్కడి డాక్టరు ఆ మాటను నిజమే అనుకుంటాడు.

4. అమెరికా, ఆస్ట్రేలియా

అమెరికాలో చాలామంది పెద్దలకు ఉద్యోగం ద్వారానో, కాలేజీ ద్వారానో వచ్చే ప్రైవేటు బీమాయే ఆధారం. బీమా ఉన్నా, సంవత్సరంలో మొదట కొంత మొత్తం మీరే పెట్టుకోవాలి. ఆ మొత్తం ఎంతో చేరిన రోజే అడగాలి. 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రుల అత్యవసర విభాగాలు డబ్బు ఉన్నదా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు మాత్రం తరువాత ఇంటికి వస్తుంది. వచ్చిన బిల్లు చూసి బెదిరిపోవద్దు. ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాసివ్వమని అడగవచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పేదవారికి తగ్గింపు పథకం ఉంచాలని చట్టమే ఉంది. ఆ దరఖాస్తు అడిగి తీసుకోండి.

ఆస్ట్రేలియాకు వెళ్లే మన విద్యార్థులు వీసా కాలమంతటికీ విద్యార్థి బీమా కొనాలి. కొన్న కాగితం ఏజెంటు దగ్గర వదిలేయకండి. అది మీ సంచిలో ఉండాలి.

5. ప్రైవేటు గుమ్మం ఎప్పుడు?

ప్రైవేటు అంటే మంచిది, ప్రభుత్వం అంటే చెడ్డది అనే భావం మనలో పాతుకుపోయింది. కొత్త దేశంలో దానిని ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి. ఇంగ్లండులో గుండెపోటు వస్తే వెళ్లవలసింది ప్రభుత్వ ఆసుపత్రికే. అక్కడి ప్రైవేటు ఆసుపత్రులలో చాలావాటికి అత్యవసర విభాగమే లేదు. కువైట్‌లో చిన్న జ్వరానికి, మన భాష తెలిసిన నర్సు ఉన్న ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లడం సులువే. ఆపరేషను, డయాలసిస్ వంటి పెద్ద వైద్యానికి అదే దారి పడితే సంపాదించినదంతా కరిగిపోతుంది.

ప్రైవేటు మెట్లు ఎక్కేముందు నాలుగు మాటలు అడగండి. నా బీమా ఇక్కడ చెల్లుతుందా? నేను చేతితో ఎంత ఇవ్వాలి? ముందుగా అనుమతి కావాలా? మొత్తం ఖర్చు ఎంతో కాగితం మీద రాసిస్తారా? ఈ నాలుగింటికీ జవాబు ఇవ్వని చోట, ప్రాణాపాయం లేనప్పుడు, సంతకం చేయవద్దు.

6. పెద్దవాళ్లు వెళ్లేటప్పుడు

కూతురి పురుడుకు బాపట్ల నుంచి అమ్మమ్మ వెళుతుంది. పిల్లకు కార్డు ఉంది కాబట్టి తనకూ వైద్యం జరుగుతుంది అనుకుంటుంది. అది నిజం కాదు. సందర్శకుల వీసా మీద ఇంగ్లండు వెళ్లినవారికి జీపీని కలవడం, అత్యవసర విభాగంలో చేసే వైద్యం ఉచితమే. ఆసుపత్రిలో చేర్చుకున్నాక మాత్రం ఎన్.హెచ్.ఎస్. లెక్కలో ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. 500 పౌన్లు, అంతకు మించిన బాకీ రెండు నెలలు తీర్చకపోతే తిరిగి వీసా రావడం కష్టమవుతుంది. కాబట్టి పెద్దవాళ్లు ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కకూడదు. బీమా తీసుకునేటప్పుడు బి.పి., షుగరు, పాత గుండె జబ్బు దాచకూడదు. దాచితే కట్టిన ప్రీమియం వృథా అవుతుంది. పాత జబ్బుకు ఆ బీమా వర్తిస్తుందా అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

7. ఇంటి దగ్గరే చేయవలసిన పనులు

పెట్టె సర్దేముందు ఒక ఫైలు సర్దండి. రక్తం గుంపు, పడని మందుల పేర్లు, పాత ఆపరేషను కాగితాలు, టీకాల వివరాలు అందులో ఉండాలి. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో డాక్టరు గారి చేత ఇంగ్లీషులో రాయించండి. మన కంపెనీ పేరు అక్కడివారికి తెలియదు.

మందులను వాటి అట్టపెట్టెలలోనే, చీటీతో సహా తీసుకెళ్లండి. ట్రమడాల్, కొడీన్ కలిసిన నొప్పి, దగ్గు మందులపై గల్ఫ్‌లో గట్టి ఆంక్షలు ఉన్నాయి. పక్కింటివారు తమ అబ్బాయికి ఇమ్మని ఇచ్చిన మాత్రలు తీసుకెళ్లి ఇబ్బందుల్లో పడకండి. మాంసం మసాలాలో వేసే గసగసాలు కూడా యూఏఈ, సౌదీలలో నిషేధం. అమ్మ ప్రేమతో కట్టిన పొట్లం బిడ్డను పోలీసు స్టేషనుకు చేర్చకూడదు కదా!

ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్ పనికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ నకలు ఇంట్లో ఉంచుకోండి. బీమా ఉందని తెలియక దానిని అడగని కుటుంబాలు ఉన్నాయి.

చివరగా, వెళ్లే దేశపు అంబులెన్సు నంబరు ఫోనులోనే కాక గోడ మీద కూడా రాసుకోండి. కువైట్‌లో 112, సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్‌లో 999, ఇంగ్లండులో 999, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లోరీ అనే వనిత గుంటూరు వచ్చారు. జె.ఎం.జె. మఠంలో చేరి, మన ప్రాంతపు ఆడవారికి, పసిపిల్లలకు వైద్యం చేశారు. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఆమె కృషి వల్ల ఎదిగినదే. ఆనాడు మన అమ్మమ్మలు పరాయి దేశపు డాక్టరమ్మ ముందు నోరు విప్పి తమ బాధ చెప్పుకున్నారు. భాష తెలియదని, మనిషి కొత్తదని ఇంట్లో కూర్చోలేదు. ఈనాడు వారి మనుమలు, మనుమరాళ్లు పరాయి దేశంలో ఉన్నారు. వారూ నోరు విప్పి అడగాలి.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. విదేశంలో ఉన్న మన బిడ్డ దగ్గర ఆరోగ్య కార్డు ఉందా? అది ఏ తేదీ వరకు చెల్లుతుంది?

2. బిడ్డ ఇంటికి దగ్గరలోని క్లినిక్ పేరు, ఆసుపత్రి పేరు మనకు తెలుసా?

3. ఫోనులో “బాగానే ఉన్నాను” అన్నప్పుడు మనం ఇంకొక ప్రశ్న అడుగుతున్నామా? పంపిన డబ్బు గురించి అడిగినంతగా ఒంటి సంగతి అడుగుతున్నామా?

4. “ఆసుపత్రికి వెళ్లు, ఈ నెల డబ్బు పంపకపోయినా పరవాలేదు” అని మన నోటితో ఎప్పుడైనా చెప్పామా?

నాలుగవ ప్రశ్నకు జవాబు లేని ఇల్లు ఈ ఆదివారమే ఫోను చేయాలి. రేపల్లె తల్లి నాతో చివర అన్నమాట అదే: “ఆ ఒక్క మాట మా ఇంటివాళ్లు అని ఉంటే, పుండు చిన్నగా ఉన్నప్పుడే వెళ్లేదాన్ని ఫాదర్ గారూ.”